తాగకముందు వినాల్సిన మాట

సుహైర్‌కి చిన్నప్పటి నుంచీ ఒక రోగం ఉంది. దేన్నైనా "ఎందుకు" అని అడక్కుండా వదలదు. వాళ్ళమ్మ విసిగిపోయి, "నిన్ను చేసుకునేవాడు జవాబులు చెప్పలేక పారిపోతాడే" అనేది. చేసుకున్నవాడు పారిపోలేదు కానీ, జవాబులు చెప్పడం మాత్రం మానేశాడు.

అరబ్బు కొండల్లోని సల్త్ ఊళ్ళో, మెట్ల వీధి కిందున్న ధర్మాసుపత్రిలో ఆమె తొమ్మిదేళ్ళుగా చెవుల పరీక్షలు చేస్తోంది. ఆ ఆదివారం ఆమెని పట్టుకున్న "ఎందుకు" మాత్రం మామూలుది కాదు. పన్నెండు మంది పెద్దవాళ్ళు వచ్చారు. పన్నెండు మందికీ వినికిడి సగానికి పైగా పోయిందని మిషన్ చెప్పింది. ఆ పన్నెండు మందీ ప్రశ్నల కాగితం దగ్గరికి వచ్చేసరికి, తమకి ఏ ఇబ్బందీ లేదని నవ్వుతూ చెప్పి వెళ్ళారు.

ఆ కాగితం పరదేశంలో తయారైంది. దాన్ని అరబీలోకి తెచ్చే పని సుహైర్‌ది. రెండు నెలలు కూర్చుని ఒక్కో మాటా తూచి రాసింది. మొత్తం పది ప్రశ్నలు. "అవును" అంటే నాలుగు మార్కులు, "ఒక్కోసారి" అంటే రెండు, "లేదు" అంటే సున్నా. ఇరవై దాటినవాళ్ళకే దాతలు చెవి మిషన్లు ఇస్తారు. చెవులు పోయినవాళ్ళందరికీ ఇచ్చేయొచ్చు కదా అంటే, అలా ఇచ్చి చూశారట, సగం మిషన్లు బీరువా సొరుగుల్లో పడుకున్నాయట. నాకు కావాలి అని తన నోటితో చెప్పుకున్నవాడికే ఇస్తాం అన్నారు. న్యాయమే. గురువారం సాయంత్రానికి జాబితా వెళ్ళాలి.

ఆ పన్నెండు మందిలో చివరగా వచ్చినవాడు అబూ ఖల్దూన్. ఎనభైకి దగ్గర పడ్డాడు. ఇస్త్రీ చేసిన అంగీ, తలమీద ఎర్ర గళ్ళ రుమాలు, చేతిలో జపమాల. వెంట కూతురు మైసా.

"రండి హాజీ, ఎలా ఉన్నారు? ఒంట్లో ఎలా ఉంది? పిల్లలూ మనవలూ? చలి ఎలా ఉంది మీ వైపు?" అంది సుహైర్.

"అల్లాహ్ దయ తల్లీ, బాగున్నాం. నువ్వెలా ఉన్నావు? మీ ఇంట్లోవాళ్ళు? అమ్మ ఒళ్ళు ఎలా ఉంది? అల్లాహ్ చల్లగా చూడాలి" అని ఆయన గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఈయన చెవులకేం, నిక్షేపంగా ఉన్నాయి అనుకుంది సుహైర్. తీరా గాజు గదిలో కూర్చోబెట్టి శబ్దాలు వినిపిస్తే, పక్కింట్లో డప్పు కొట్టినంత శబ్దానికి గానీ ఆయన వేలు లేవలేదు.

ఇక కాగితం తీసింది. పెద్ద అక్షరాల ప్రతి ఆయన చేతికిచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "వినబడక మీకు చిరాకు వేస్తుందా, హాజీ?"

"అల్లాహ్ దయ. చిరాకెందుకు?"

"నలుగురిలో కూర్చున్నప్పుడు ఒంటరిగా అనిపిస్తుందా?"

"అల్లాహ్ దయ. ఇంటినిండా మనుషులేనమ్మా."

"దీనివల్ల ఇంట్లోవాళ్ళతో మాటా మాటా వస్తుందా?"

"అల్లాహ్ దయ. నా పిల్లలు బంగారాలు."

వెనక నుంచి మైసా అందుకుంది. "బంగారాలట! టీవీ గొంతు తగ్గించమన్నందుకు మొన్న నన్ను పుట్టింటికి పొమ్మన్నాడు. ఉన్నదే పుట్టింట్లో!"

పదికి పది సున్నాలు. హాజీ లేచి, సుహైర్‌కి దీవెనలు పెట్టి, నడవాలోకి వెళ్ళి కూర్చున్నాడు. మైసా మాత్రం కదల్లేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"డాక్టరమ్మా, ఆ సున్నాలు కొట్టెయ్యి. నీకు పుణ్యముంటుంది. నా కొడుకు రాకాన్‌కి పిల్లని అడగడానికి వచ్చే నెల పెద్దలంతా కలిసి జాహాగా వెళ్ళాలి. ఊళ్ళో ఎవరి తరఫున పెద్దలు కదిలినా ముందు నడిచింది మా నాన్నే, నలభై ఏళ్ళు. ఇప్పుడు సొంత మనవడికి రానంటాడు. అడిగితే మోకాళ్ళంటాడు. ఆ మోకాళ్ళతోనే రోజూ నూట పది మెట్లెక్కి మసీదుకి పోతాడు! రాకాన్ తిండి మానేశాడు, తాతకి తనంటే ఇష్టం లేదని."

"మోకాళ్ళు కాదు, చెవులంటావా?"

"ఇంకేమిటి? మా నాన్న పిరికివాడు కాదు. హాతిమ్ సంగతి నువ్వు వినలేదా?"

సుహైర్ విన్నది. సల్త్‌లో విననివాళ్ళు లేరు. రెండేళ్ళ కిందట అబూ ఖల్దూన్ తమ్ముడి మనవడు నడుపుతున్న కారు కింద హాతిమ్ అనే కుర్రాడు పడి చనిపోయాడు. క్షమాపణ అడగడానికి పెద్దలు జాహా వెళ్ళారు. పెళ్ళికైనా, రాజీకైనా జాహా పద్ధతి ఒకటే. ఇంటాయన పోసిన కాఫీ కప్పుని వెళ్ళినవాళ్ళలో పెద్దవాడు తన ముందు పెట్టుకుని, మా మాట ఒప్పుకుంటేనే తాగుతాం అంటాడు. ఇంటాయన తన షరతులు చెప్పి, "తాగండి" అన్నాకే తాగాలి. అబూ ఖల్దూన్ మాత్రం ఇంటాయన నోరు విప్పకముందే కప్పెత్తి తాగేశాడు. తన ఇంట్లో తాగిన అతిథిని కాదనలేక హాతిమ్ తండ్రి అబూ హాతిమ్ తల వంచాడు. రాజీ అయిపోయింది. "గుండె అంటే అదీ" అని ఊరు ఊరంతా చెప్పుకుంది.

"అలాంటి మనిషి ఇప్పుడు జాహా అంటే మొహం తిప్పుకుంటున్నాడు" అంది మైసా తలగుడ్డ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

సుహైర్ పెన్ను చేతిలోకి తీసుకుంది. ఆరు సున్నాల్ని నాలుగులు చేస్తే చాలు. ఎవడు చూడొచ్చాడు? కానీ రేపు ఇంకో మైసా వస్తుంది, ఎల్లుండి ఇంకొకతె. ఇక కాగితం ఎందుకు, తగలెయ్యడానికా? పెన్ను పక్కన పెట్టేసింది.

"రేపొకసారి తీసుకురా. చెవి శుభ్రం చెయ్యాలని చెప్పు" అంది.

అసలు ఆమె బుర్రని తొలుస్తున్నది వేరే ఉంది. డప్పు కొడితే గానీ వినబడని మనిషి, తను మామూలు గొంతుతో అడిగిన కుశలాలన్నిటికీ ఎలా జవాబు చెప్పాడు?

సోమవారం ఆయన గుమ్మంలో కనబడగానే సుహైర్ ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది, పెదవులు కనబడకుండా. "హాజీ, నిన్న మధ్యాహ్నం కూరేం వండారు?" అంది.

"అల్లాహ్ దయ తల్లీ, బాగున్నాం. నువ్వెలా ఉన్నావు?"

"మా ఇంటి కప్పు కారుతోంది హాజీ."

"అల్లాహ్ చల్లగా చూడాలి. అమ్మ ఒళ్ళు ఎలా ఉంది?"

"మా అమ్మ నిన్న చంద్రుడి మీదకి వెళ్ళింది."

"అల్లాహ్ ఆయుష్షు ఇవ్వాలి ఆమెకి."

మైసా ముందు ఫక్కున నవ్వింది. ఆ తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సుహైర్‌కి కూడా నవ్వు ఆగిపోయింది. పెద్దమనిషితో ఆటలాడినందుకు సిగ్గేసింది. లెక్క మాత్రం తేలింది. ఈ ఊళ్ళో ఇద్దరు కలిస్తే మొదటి ఐదు నిమిషాలు ఎవరూ ఎవరి మాటా వినక్కర్లేదు. ప్రశ్నలూ తెలిసినవే, జవాబులూ తెలిసినవే. ఆ తర్వాత ఏం చేస్తాడు మరి?

"ఆ తర్వాత ఎవరికీ సందివ్వడు. ఆయనే మాట్లాడతాడు" అంది మైసా నెమ్మదిగా. "రెండేళ్ళుగా నాన్నకి వాగుడెక్కువైందనుకున్నాం. వినాల్సి వస్తుందని మాట్లాడుతున్నాడా, యా అల్లాహ్!"

సాయంత్రం సుహైర్ వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళింది. పొయ్యి మీద సేజ్ ఆకు టీ మరుగుతోంది. అమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది.

"కాలు నొప్పా అమ్మా?"

"అల్లాహ్ దయ. ఏ నొప్పీ లేదు."

"గోడెందుకు పట్టుకున్నావు మరి?"

"గోడ నాది. పట్టుకుంటాను." టీ పోసి, ఎదురుగా కూర్చుని, అమ్మ ఉన్నట్టుండి గొల్లుమంది. "కింద వీధి ఉమ్ము సాలెహ్ పోయి మూడో రోజుకి కూడా నేను వెళ్ళలేకపోయానే! ఆ మెట్లు దిగలేకపోయాను. ఆమె కూతుళ్ళ మొహం ఎలా చూడను? మీ నాన్న పోయినప్పుడు ఆమె మూడు రోజులూ మన గుమ్మంలోనే ఉంది!"

సుహైర్ గ్లాసు కింద పెట్టేసింది. తల్లిని పట్టుకుని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది.

"నేను ఏడుస్తుంటే నీకు సంతోషమేమిటే?" అంది తల్లి.

నొప్పి ఉందా అంటే లేదంటుంది. బాగున్నారా అని అడిగితే బాగాలేను అనే మనిషి ఈ కొండల్లో పుట్టలేదు. అలా అనడం ఒళ్ళిచ్చిన అల్లాహ్ మీద చాడీ చెప్పినట్టు. కానీ ఎదుటివాడికి చెయ్యాల్సింది చెయ్యలేకపోతే మాత్రం ఊరుకోరు, దాచుకోరు. ఎందుకంటే అది తమ నొప్పి కాదు, ఎదుటివాడి హక్కు. రెండు నెలలు తూచి రాసిన తన కాగితం అందర్నీ కుశలాలు అడుగుతోంది! వాళ్ళు పాపం మర్యాదగా కుశలాలే చెప్పారు.

మంగళవారం పొద్దున్నే కొత్త కాగితంతో డాక్టర్ నాయిఫ్ గదిలోకి వెళ్ళింది. ఆయన విభాగానికి పెద్ద. మంచివాడే, కాకపోతే కాగితం మీద చుక్క పక్కకి జరిగినా నిద్ర పట్టదు.

"ఇదేమిటి సుహైర్? నిన్ను అనువాదం చెయ్యమంటే కొత్తగా రాసుకొచ్చావు. 'ఒంటరిగా అనిపిస్తుందా' ఏదీ?"

"ఇదిగో. 'వినబడదని, వెళ్ళాల్సిన పరామర్శకి వెళ్ళడం మానేశారా?'"

"'చిరాకు'?"

"'మళ్ళీ చెప్పమని అడగలేక, మీతో ఒకరు చెప్పుకున్న కష్టాన్ని వినకుండానే తలాడించారా?'"

ఆయన కళ్ళజోడు తీశాడు. "అక్కడివాళ్ళు ఒప్పుకోవద్దూ? ప్రశ్న మారిస్తే కొలబద్ద మారిపోతుంది."

"ఇప్పుడున్న కొలబద్దతో పన్నెండు మందినీ కొలిస్తే పన్నెండు మందీ సున్నా పొడుగున్నారు డాక్టర్. ఆ పన్నెండు మందినీ రేపు మళ్ళీ పిలుస్తాను. మిషన్ చెప్పినదానికీ, కొత్త కాగితం చెప్పినదానికీ పొంతన కుదరకపోతే పాతదే పంపించండి. నేను నోరెత్తను."

"నువ్వు? నోరెత్తవు?" అన్నాడాయన. కానీ సంతకం పెట్టాడు.

బుధవారం ముందు పదకొండు మంది వచ్చారు. ఆదివారం నవ్వుతూ వెళ్ళినవాళ్ళే ఒక్కొక్కరూ కుర్చీలో ముందుకి వంగి చెప్పడం మొదలుపెట్టారు. ఒకాయన జనాజా నమాజు ఏ వీధిలోనో సరిగా వినబడక మిత్రుడి అంత్యక్రియలకి అందలేకపోయానన్నాడు. ఒకామె కోడలు ఫోనులో ఏడుస్తుంటే "సంతోషం తల్లీ" అన్నానని చెంపలేసుకుంది. మిషన్‌లో ఎవరి చెవులు ఎక్కువ పోయాయో కాగితంలో వాళ్ళకే మార్కులెక్కువ వస్తున్నాయి.

అబూ ఖల్దూన్ మళ్ళీ చివరే. ఆరు ప్రశ్నలు జాగ్రత్తగా చదువుకున్నాడు. మూడింటికి "ఒక్కోసారి" అన్నాడు, మూడింటికి "లేదు" అన్నాడు. ఆరు మార్కులు. మైసా పళ్ళు కొరుక్కుంటోంది. ఆయన ఏడోది చదివాడు. వినబడకపోవడం వల్ల ఎవరికైనా దక్కాల్సింది మీ చేతుల మీదుగా దక్కకుండా పోయిందా?

జపమాల ఆగిపోయింది.

"మైసా, నాకు మంచినీళ్ళు పట్రా."

"ఇక్కడే ఉన్నాయి నాన్నా, సీసాలో—" మైసా సీసా ఎత్తి చూపించింది.

"బయటివి పట్రా."

మైసా వెనక తలుపు మూసుకుంది. తర్వాత, తన గొంతు తనకి వినబడని మనిషి కనుక, గుసగుస అనుకుని గదంతా మోగేలా చెప్పాడు.

"హాతిమ్ ఇంట్లో నేను ధైర్యం చెయ్యలేదమ్మాయ్. నాకు వినబడలేదు. అబూ హాతిమ్ పెదవులు కదిలాయి, తల ఊగింది. తాగమన్నాడనుకున్నాను. తాగేశాను. కప్పు దించాక చూస్తే అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. అప్పటికి అయిపోయింది. బయటికొచ్చాక అందరూ నా భుజం తట్టారు, సింహం అన్నారు. నేను నోరు మూసుకున్నాను. ఆ పొగడ్త కప్పుకుని కూర్చున్నాను రెండేళ్ళు."

సుహైర్ కాగితం మీద రాసి చూపించింది. *ఆయన ఏం చెప్పబోయాడు?*

"తెలియదు. నలభై రోజుల తర్వాత మసీదు మెట్ల మీద ఆయనే నా చెవి దగ్గరికి వచ్చి అన్నాడు. 'ఇంకొక్క మాట ఉండేది హాజీ. హాతిమ్ తల్లి మాట. మీరు తాగేశారు. పోనీలెండి' అని. రాజీ అయ్యాక ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు కదా. ఆ తల్లి ఎత్తదు. నేను అడగలేదు. అడిగితే ఆమె చెబుతుంది, ఆ మాట కూడా నాకు వినబడకపోతే? ఒక తల్లిని మళ్ళీ చెప్పమని, ఇంకా గట్టిగా అరవమని అంటానా?"

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. నీళ్ళు గడ్డంలోకి దిగిపోతున్నాయి. సుహైర్ కూడా ఏడ్చేసింది, డాక్టరమ్మ ఏడవకూడదని తెలిసినా.

"రాకాన్ అంటే నాకు ప్రాణం. కానీ ఇంకొకరి ఇంట్లో మళ్ళీ కప్పు ముందు కూర్చోమంటే నావల్ల కాదు. మోకాళ్ళ నొప్పులని రాసుకో."

ఆమె మోకాళ్ళ మాట రాయలేదు. ఏడోదానికి "అవును" అని రాసింది. ఆయన కాగితం మీదికి వంగి చూశాడు.

"ఎన్ని మార్కులు దీనికి?"

నాలుగు వేళ్ళు చూపించింది.

"నాలుగేనా?" అన్నాడాయన.

తర్వాత పై ఆరు ప్రశ్నలూ మళ్ళీ చూపించమన్నాడు. ఈసారి అబద్ధమాడలేదు, మిగిలిన మూడింటికీ కూడా. మొత్తం ముప్ఫై ఆరు.

డాక్టర్ నాయిఫ్ కొత్త కాగితం జాబితానే పంపాడు, మిషన్లు మూడు వారాలకి వచ్చాయి. చెవులకి పెట్టి మీట నొక్కగానే ఆయన ఉలిక్కిపడి చేతిలోకి చూసుకున్నాడు. జపమాల గింజలు టిక్కుటిక్కుమంటున్నాయి. "ఇవి ఇంత గోల చేస్తాయా? మరి మసీదులో ఎవరూ ఏమీ అనలేదే!" అన్నాడు. మైసా నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ తిట్టింది. రాకాన్ జాహా శుక్రవారం అనుకున్నారు. తాత వస్తానన్నాడు, కానీ గురువారం తనకి వేరే పని ఉందన్నాడు.

ఆ పనికి సుహైర్‌ని కూడా రమ్మన్నాడు. "ఇవి అక్కడ మొరాయిస్తే నాకు చేతకాదు" అన్నాడు. అది ఒక కారణం. ఒంటరిగా వెళ్ళడానికి భయం ఇంకో కారణం, అది ఆయన చెప్పలేదు. సుహైర్ ఎందుకు వెళ్ళిందంటే, ఆ మాటేమిటో తెలుసుకోకపోతే ఆమెకి అన్నం సయించేలా లేదు.

గురువారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక హాతిమ్ వాళ్ళింటికి వెళ్ళారు. తలుపు తీసింది అబూ హాతిమ్. ఇద్దరి మధ్యా కుశలాలు నడిచాయి, ఈసారి ఒక్కోటీ నిజంగా విని, నిజంగా జవాబు చెప్పాడు ముసలాయన. అందుకు మామూలుకంటే రెట్టింపు సేపు పట్టింది. హాతిమ్ తల్లి లోపలి గది గుమ్మం దగ్గర కూర్చుంది. కొడుకు పోయినా ఊరు ఆమెని కొడుకు పేరుతోనే పిలుస్తుంది, ఉమ్ము హాతిమ్ అని.

చేదు కాఫీ వచ్చింది. అబూ ఖల్దూన్ కప్పు అందుకుని, ముందున్న బల్ల మీద పెట్టాడు. అబూ హాతిమ్ మొహం పాలిపోయింది. అలా పెట్టడానికి అర్థమేమిటో ఆ గదిలో అందరికీ తెలుసు.

"ఇప్పుడేం అడగడానికి వచ్చారు హాజీ? ఇంకేం మిగిలింది మా దగ్గర?" అన్నాడు.

"అడగడానికి రాలేదు. వినడానికి వచ్చాను. ఆ రోజు నువ్వు చెప్పబోయింది నాకు వినబడలేదు అబూ హాతిమ్. నాకు చెవుల్లేవు. గుండె ధైర్యమని ఊరంతా అంటుంటే, కాదు చెవుడు అని చెప్పుకోలేకపోయాను. తప్పు నాది. ఇప్పుడు ఇవి పెట్టుకున్నాను. అమ్మా ఉమ్ము హాతిమ్, నీ మాట చెప్పు. అది వినే దాకా ఈ కాఫీ తాగను."

ఆమె భర్త వంక చూసింది. ఆయన తల ఊపాడు.

"పెద్ద మాటేం కాదు" అంది ఉమ్ము హాతిమ్. గొంతు చాలా సన్నంగా ఉంది. సుహైర్ చెయ్యి తనకు తెలియకుండానే మిషన్ మీటల వైపు వెళ్ళింది, కానీ ఆయన అక్కర్లేదన్నట్టు చెయ్యి చూపించాడు. "కారు నడిపిన మీ పిల్లాడే మా హాతిమ్‌ని ఒళ్ళో పెట్టుకుని ఇంకెవరి బండిలోనో ఆసుపత్రికి తెచ్చాడట. దార్లో మావాడు ఏదో మాట్లాడాడట. ఏం మాట్లాడాడో ఆ పిల్లాడు వచ్చి నాతో చెప్పాలి. అంతే. ఆ ఒక్కటే అడగమన్నాను ఈయన్ని."

ఆమె ముసలాయన వంక తిరిగింది. "రెండేళ్ళుగా అనుకుంటున్నాను. దాహం వేసిందన్నాడా, నన్ను పిలిచాడా అని."

అబూ ఖల్దూన్ కుర్చీలో ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు. ఒక్క మాట మళ్ళీ చెప్పమనలేదు. అయ్యాక లేచి నిలబడ్డాడు.

అబూ హాతిమ్ కన్నీళ్ళతోనే, అలవాటుగా, చెయ్యి చాపాడు. "తాగండి హాజీ."

"ఉంచు దాన్ని" అన్నాడు ముసలాయన. "పిల్లాడు కింద వీధిలోనే ఉన్నాడు, వాళ్ళ దుకాణంలో. తీసుకొస్తాను. వాడు నీ భార్యకి చెప్పాక తాగుతాను."

మోకాళ్ళ సంగతి మర్చిపోయి ఆయన మెట్లు దిగుతున్నాడు. సుహైర్ వెనకే పరిగెత్తింది. బల్ల మీద కప్పు అలాగే ఉంది. దాన్ని ఎవరూ తీయలేదు.